పిస్టల్‌కా? రివాల్వర్‌కా?

మన దేశంలో సొంతానికి చేతి తుపాకీ కొనుక్కునేవాళ్లలో చాలామందికి దక్కేది ‘.32’. ఆ ఒక్క అంకె కింద రెండు వేరువేరు తూటాలున్నాయి. రెంటిలో ఏది గట్టిది?

లైసెన్సు పుస్తకం గాజు బల్ల మీద పెట్టి “.32 తూటాలు పాతిక ఇవ్వండి” అంటే తుపాకుల దుకాణంవాడు వెంటనే డబ్బా తీయడు. “పిస్టల్‌కా, రివాల్వర్‌కా సార్?” అని అడుగుతాడు. కొత్తగా లైసెన్సు చేతికొచ్చినవాళ్లు తికమకపడేది ఇక్కడే. .32 అంటే .32 కదా, మళ్లీ అందులో రకాలేమిటని.

ఉన్నాయి. రెంటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే తుపాకీ ముఖం చూడనివాళ్లు కూడా తేడా చెప్పేస్తారు. పిస్టల్ తూటా పొట్టిది. ఇత్తడి డొప్ప పొడవు 17 మిల్లీమీటర్లు, దాని నెత్తిన లోహపు తొడుగు వేసిన నున్నటి బుల్లెట్. రివాల్వర్ తూటా డొప్ప 23 మిల్లీమీటర్ల పైచిలుకు. దాని బుల్లెట్‌కు తొడుగు ఉండదు, ఒట్టి సీసం. గోటితో గీస్తే గీత పడుతుంది. అడుగు వైపు తిప్పి చూడండి. రివాల్వర్ తూటాకు చుట్టూ అంచు బాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. గిర్రున తిరిగే సిలిండర్ గదిలోంచి తూటా జారిపోకుండా పట్టేది ఆ అంచే. పిస్టల్ తూటాకూ అంచు ఉంది కానీ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. వేలితో తడిమితేనే తగులుతుంది. ఆ కాస్త అంచు ఎంత తంటా తెచ్చిపెడుతుందో తర్వాత చూద్దాం.

ఇన్ని తేడాలున్నా బుల్లెట్ లావు మాత్రం రెంటికీ దాదాపు ఒకటే: 0.312 అంగుళం, అంటే 7.9 మిల్లీమీటర్లు. మరి .32 అనడమెందుకు, మన పోలీసు పంచనామాల్లో 7.65 అని రాయడమెందుకు అంటే, తుపాకుల లోకంలో పేర్లు స్కేలు పెట్టి కొలిచి పెట్టినవి కావు.

న్యూయార్క్ నుంచి అలహాబాద్ దాకా

వయసులో రివాల్వర్ తూటా పెద్దది. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1896లో తన కొత్త రివాల్వర్‌తో పాటు దీన్ని తెచ్చింది. అప్పటిదాకా ఉన్న పొట్టి .32 కన్నా పొడుగు కాబట్టి ‘లాంగ్’ అన్నారు. ఆ రోజుల్లో న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనాయన. పోలీసులు తలా ఒక రకం తుపాకీ పట్టుకు తిరగడం చూసి విసిగి, అందరికీ ఒకే రకం .32 కోల్ట్ రివాల్వర్ ఇప్పించాడు. కోల్ట్‌వాళ్లకు తమ తుపాకీ మీద పోటీ కంపెనీ పేరు చెక్కడం ఇష్టం లేకపోయింది. కొద్ది మార్పుతో అదే తూటాకు ‘కోల్ట్ న్యూ పోలీస్’ అని వేరే పేరు పెట్టుకుని అమ్ముకున్నారు. వ్యాపారంలో అభిమానాలు అలాగే ఉంటాయి.

పిస్టల్ తూటా జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ బుర్రలో పుట్టింది. పెరిగింది మాత్రం బెల్జియంలో. అక్కడి ఎఫ్.ఎన్. కర్మాగారం 1899లో ఈ తూటాను, దాంతోపాటు ‘మోడల్ 1900’ పిస్టల్‌ను బయటికి తెచ్చింది. కోటు జేబులో పట్టేంత చిన్నది, పేల్చినా చేతిని పెద్దగా కుదపనిది. యూరప్ ఎగబడి కొంది. జేబులో పట్టే ఆయుధం హంతకులకూ నచ్చుతుంది, విప్లవకారులకూ నచ్చుతుంది. 1909లో హార్బిన్ రైల్వే స్టేషన్‌లో జపాన్ మాజీ ప్రధాని ఇటో హిరొబుమిని కొరియా యువకుడు అన్ జుంగ్ గున్ కాల్చింది ఈ పిస్టల్‌తోనే.

మన చరిత్రలోనూ ఈ పొట్టి తూటాకు చోటుంది. 1928 డిసెంబరు 17న లాహోర్‌లో పోలీసు అధికారి శాండర్స్ మీద భగత్ సింగ్ పేల్చినది .32 కోల్ట్ ఆటోమేటిక్. ఆ పిస్టల్ ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం ఆయుధ ప్రదర్శనశాలలో ఎవరిదో తెలియకుండా ఏళ్ల తరబడి ఉండిపోయింది. పైనున్న నల్లరంగు గీకితే నంబరు బయటపడింది. పాత కేసు కాగితాలతో సరిపోల్చుకున్నాక అదేనని తేల్చి, పంజాబ్‌లోని హుస్సేనీవాలాకు పంపారు. చంద్రశేఖర్ ఆజాద్ 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ ఆల్ఫ్రెడ్ పార్కులో ఆఖరి తూటా దాకా పోరాడినది కూడా .32 కోల్ట్‌తోనే. అది ఇప్పుడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది. గాజు పెట్టె ముందు నిలబడ్డవాళ్లు చాలామంది “ఇంత చిన్నదా!” అనుకుంటారు. చిన్నదే మరి.

సినిమాకు కూడా ఈ తూటా ఉపకారం చేసింది. ఇయాన్ ఫ్లెమింగ్ తన జేమ్స్ బాండ్‌కు మొదట .25 బెరెట్టా ఇచ్చాడు. జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు, గూఢచారికి ఇదేం తుపాకీ అని ఆక్షేపిస్తూ ఉత్తరం రాశాడు. 1958 నాటి ‘డాక్టర్ నో’ నవలలో బాండ్ చేతికి 7.65 వాల్తర్ పి.పి.కె. వచ్చింది. అంటే మన .32. ప్రపంచాన్ని కాపాడినవాడిదీ మన జిల్లా కలెక్టర్ లైసెన్సు ఇవ్వగల తూటాయేనన్నమాట.

మనకు .32 ఎందుకు అంటుకుంది?

తూటా గొప్పది కాబట్టి కాదు. చట్టం వల్ల. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. సర్వీసు తూటా, పాత .380, .455 రివాల్వర్ తూటాలు పట్టే చేతి తుపాకులన్నీ మన దేశంలో ‘నిషిద్ధ బోరు’ కింద ఉన్నాయి. వాటికి ఢిల్లీలో కేంద్ర హోంశాఖ కనికరించాలి. సామాన్యుడికి ఆ ఆశ వృథా. .32కైతే జిల్లాలో కలెక్టరు, నగరంలో పోలీసు కమిషనరు చాలు. అది కూడా అడగ్గానే ఇస్తారని కాదు గానీ, దారి మాత్రం ఉంది. సర్కారు తూటా జనం చేతికి, జనం తూటా సర్కారు తుపాకీకి పనికిరాకూడదన్నది బ్రిటిష్‌వాడి కాలం నుంచి వస్తున్న జాగ్రత్త. దొరలు పోయినా జాగ్రత్త పోలేదు.

1980ల మధ్యలో ప్రైవేటు వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. దాంతో అంతకుముందు వచ్చిన వాల్తర్లు, వెబ్లీలు ఇప్పటికీ చేతులు మారుతూ లక్షలు పలుకుతున్నాయి. మిగిలినవాళ్లకు కాన్పూరు .32 రివాల్వర్ లాంటి ప్రభుత్వ కర్మాగారాల సరుకే ఎక్కువగా గతి. 2014లో కాన్పూరులోనే ‘నిర్భీక్’ అనే తేలిక రివాల్వర్ తెచ్చారు. బరువు అర కిలో, ధర అప్పట్లో లక్షా 22 వేలు. ఢిల్లీ నిర్భయ ఘటనను తలుచుకుంటూ ఆ పేరు పెట్టి, ఆడవాళ్ల కోసమని ప్రచారం చేశారు. అంత ధర, లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ అన్ని ప్రదక్షిణలు పెట్టుకుని, రాత్రి పూట బస్సులో ఇంటికెళ్లే అమ్మాయికి ఇది రక్షణ అనడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

లెక్క ఎవరి పక్షం?

ఇక అసలు పోటీకి వద్దాం. పిస్టల్ తూటాలో మామూలుగా వచ్చే బుల్లెట్ బరువు 71 గ్రెయిన్లు, అంటే 4.6 గ్రాములు. నాలుగంగుళాల గొట్టంలోంచి సెకనుకు సుమారు 275 మీటర్ల వేగంతో వెళ్తుంది. రివాల్వర్ బుల్లెట్ 98 గ్రెయిన్లు, 6.35 గ్రాములు. వేగం 215 మీటర్లు. ఒకటి తేలికగా చురుగ్గా పోతుంది, ఇంకోటి బరువుగా నిదానంగా పోతుంది.

తొమ్మిదో తరగతిలో చదువుకున్న సూత్రాలు ఇక్కడ పనికొస్తాయి. గతిశక్తి లెక్క కడితే పిస్టల్ బుల్లెట్‌కు 174 జౌల్స్, రివాల్వర్ బుల్లెట్‌కు 147. పిస్టల్ గెలిచింది. ద్రవ్యవేగం లెక్క కడితే, అంటే బరువును వేగంతో ఒక్కసారి మాత్రమే గుణిస్తే, పిస్టల్‌కు 1.27, రివాల్వర్‌కు 1.37. రివాల్వర్ గెలిచింది. రెండు వర్గాలవాళ్లూ దశాబ్దాలుగా కొట్టుకుంటున్నది ఈ రెండు లెక్కల్లో తమకు అనుకూలమైనది పట్టుకునే. శక్తిని నమ్మేవాడు పిస్టల్ అంటాడు. ‘తోపు’ను నమ్మేవాడు రివాల్వర్ అంటాడు. 9 ఎం.ఎం. సర్వీసు తూటా శక్తి 500 జౌల్స్ దగ్గర ఉంటుందని గుర్తుచేస్తే ఇద్దరూ నోరు మూసుకుంటారు. పెద్దన్న పక్కన నిలబెడితే ఈ ఇద్దరు తమ్ముళ్ల ఎత్తులో తేడా కనపడదు.

తోపు మాట వచ్చింది కాబట్టి మన సినిమాల సంగతి ఒకటి చెప్పాలి. హీరో పిస్టల్ పేలిస్తే విలన్ అనుచరుడు గాల్లోకి లేచి అద్దాలు పగలగొట్టుకుంటూ అవతల పడతాడు. లెక్క చూడండి. ద్రవ్యవేగం 1.3 ఉన్న బుల్లెట్ డెబ్బై కిలోల మనిషిలో దిగి ఆగిపోతే అతన్ని నెట్టగలిగేది సెకనుకు రెండు సెంటీమీటర్ల వేగంతో. చీమ నడక. అదే ఫాస్ట్ బౌలర్ గంటకు 130 కిలోమీటర్ల వేగంతో విసిరిన క్రికెట్ బంతి ద్రవ్యవేగం దాదాపు 5.8, అంటే ఈ బుల్లెట్లకు నాలుగు రెట్లకు పైనే. ఆ బంతి ప్యాడ్‌కు తగిలితే బ్యాట్స్‌మన్ ఎగిరి స్లిప్‌లో పడుతున్నాడా? బుల్లెట్ ప్రాణం తీసేది నెట్టి కాదు. చిటికెన వేలు కన్నా సన్నటి చోట లోపలికి దూసుకెళ్లి, దారిలో తగిలిన రక్తనాళాన్నో గుండెనో వెన్నుపామునో తెంపి.

కాబట్టి ఎంత లోతుకు దిగుతుందన్నదే అసలు ప్రశ్న. ఇది తేల్చడానికి మనుషులు చాలా పాట్లు పడ్డారు. 1904లో అమెరికా సైన్యం తరఫున థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాలో పశువుల మీద, విడిగా మృతదేహాల మీద రకరకాల చేతి తుపాకులు పేల్చి చూశారు. చదవడానికే కడుపులో దేవేసే పరీక్ష అది. శాస్త్రీయంగానూ అంతంతమాత్రం. చివరికి .45 కావాలని తేల్చారు. ఈనాటి పద్ధతి మర్యాదైనది. కండను పోలిన జెలటిన్ దిమ్మలోకి పేల్చి కొలుస్తారు. 1986లో మయామీలో దోపిడీదొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకున్నాక అమెరికా ఎఫ్.బి.ఐ. ఒక గీత గీసింది. బుల్లెట్ కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు.

ఈ పరీక్షలో మన తూటాలు విచిత్రంగా ప్రవర్తిస్తాయి. తొడుగున్న మామూలు పిస్టల్ బుల్లెట్ ఆ 12 అంగుళాలూ సునాయాసంగా దాటుతుంది. కానీ సన్నటి దారి చేసుకుంటూ పోతుంది, చుట్టుపక్కల పెద్దగా చెరపదు. చెరపాలని ముందు భాగంలో గుంత పెట్టిన ‘హాలో పాయింట్’ బుల్లెట్ వేస్తే, విచ్చుకోవడానికే ఉన్న కాస్త శక్తీ ఖర్చయి చాలాసార్లు పన్నెండుకు ముందే ఆగిపోతుంది. రెండూ కావాలంటే ఈ బుల్లెట్‌లో అంత సరుకు లేదు. రివాల్వర్ సీసం బుల్లెట్‌దీ ఇదే కథ. నిదానంగా వెళ్తుంది కనుక పెద్దగా విచ్చుకోదు, బరువుంది కనుక లోతుకు పోతుంది. పశ్చిమ జర్మనీ పోలీసులు ఏళ్లపాటు 7.65 వాల్తర్లే మోశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారణకాండ తర్వాత ఆ తూటా చాలదని గ్రహించి 9 ఎం.ఎం.కు మారారు. వాళ్ల తీర్పు రెండు .32లకూ వర్తిస్తుంది.

ఇరుక్కునేదెక్కడ?

కాగితం మీద సమానమని తేలాక మిగిలేది యంత్రం. నా దృష్టిలో ఈ కథలో ముఖ్యమైన భాగం ఇదే.

పిస్టల్ తూటాకు ఉందా లేదా అన్నట్టుండే అంచు గురించి చెప్పాను. మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. స్లైడ్ నెట్టినప్పుడు పైది ముందుకు జారిపోవాలి కదా. ఎప్పుడైనా పైదాని అంచు వెనక్కి జారి కింది అంచు వెనక పడిందనుకోండి, రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. స్లైడ్ నెట్టినా కదలదు. తట్టినా లాభం లేదు, మ్యాగజైన్ ఊడదీసి విడిపించాల్సిందే. తొడుగున్న పూర్తి పొడవు తూటాలు మ్యాగజైన్‌లో బిగుతుగా కూర్చుంటాయి కాబట్టి వెనక్కి జారే చోటు ఉండదు. హాలో పాయింట్ తూటా కొంచెం పొట్టి. ఆ కొంచెం ఖాళీలోనే ఈ బెడద. గట్టి దెబ్బ కోసమని ఖరీదైన బుల్లెట్ ఏరుకున్నవాడికి చివరికి పేలని పిస్టల్ మిగలొచ్చు.

రివాల్వర్‌కు ఈ గొడవ లేదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే. సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న తూటాలకు ఇది పెద్ద భరోసా. దాని లోపాలు దానికున్నాయి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడు కొంత వాయువు అందులోంచి పక్కలకు పోతుంది. కాన్పూరు రివాల్వర్ గొట్టం మూడంగుళాలే కాబట్టి పైన చెప్పిన 215 మీటర్ల వేగం దానికి అందదు. ట్రిగ్గర్ బరువు. కొత్తవాళ్లు నొక్కేటప్పుడు చెయ్యి వంకర పోయి గురి తప్పుతుంది. ఆరు తూటాలు అయిపోతే మళ్లీ ఒక్కొక్కటీ నింపుకోవాలి. పిస్టల్‌లో ఏడో ఎనిమిదో పట్టి, కొత్త మ్యాగజైన్ తోసేస్తే సరిపోతుంది.

ఒక హెచ్చరిక. లావు దాదాపు ఒకటే కాబట్టి పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్ సిలిండర్లలో దూరుతుంది. దూరింది కదా అని పేల్చేవాళ్లున్నారు. రివాల్వర్ తూటాకు అమెరికా పరిశ్రమ పెట్టిన ఒత్తిడి హద్దు చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. పిస్టల్ తూటాకు 20,500. పాత రివాల్వర్‌లో ఆ తేడా సిలిండర్ మీదా, మీ వేళ్ల మీదా పడుతుంది. దుకాణంవాడు మొదట ఆ ప్రశ్న అడిగేది ఊరికే కాదు.

పతకాల దగ్గర మాత్రం

ఆత్మరక్షణ సంగతి పక్కన పెట్టి కాగితపు టార్గెట్ ముందు నిలబడితే పోటీ ఏకపక్షం. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీల్లో ప్రపంచమంతటా షూటర్లు ఎక్కువగా నమ్ముకునేది రివాల్వర్ కోసం పుట్టిన .32 లాంగ్ తూటానే. దాని కోసం ప్రత్యేకంగా పిస్టళ్లు కూడా తయారు చేస్తారు. అందులో వాడే ‘వాడ్‌కట్టర్’ తూటాను మొదటిసారి చూసినవాళ్లు బుల్లెట్ పెట్టడం మర్చిపోయారనుకుంటారు. బుల్లెట్ మొత్తం డొప్పలోపలికి దిగి, మూతి దగ్గర బల్లపరుపుగా ఆగి ఉంటుంది. ఆ చదును ముఖం కాగితాన్ని చింపకుండా గుండ్రంగా కోస్తుంది. రంధ్రం గీతను తాకిందా లేదా అన్న తగువుండదు. పది పాయింట్ల వలయం అయిదు సెంటీమీటర్లే ఉన్నచోట ఆ స్పష్టత విలువ తెలుస్తుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్‌పాల్ రాణా జ్వరంతోనే బరిలోకి దిగి, ఈ పోటీలో 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. మహిళల 25 మీటర్ల పిస్టల్ వేరే పోటీ. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చిన ఆ పోటీలో తూటా ఇంకా చిన్నది, .22.

పొట్టి పిస్టల్ తూటాకు ఈ మైదానంలో పేరు లేదు. జేబు కోసం పుట్టినదాన్ని పతకం తెమ్మంటే ఎక్కడ తెస్తుంది!

డొప్ప చెప్పే సాక్ష్యం

జిల్లా పేజీల్లో “7.65 ఎం.ఎం. పిస్టల్ స్వాధీనం” అని వార్త వస్తే అది చాలావరకు బిహార్ ముంగేర్ వైపు దొంగచాటుగా తయారైన సరుకే అయ్యుంటుంది. లైసెన్సు తూటా దొరుకుతుంది కాబట్టే దొంగ తుపాకీ కూడా అదే బోరులో చేస్తారు. సర్కారు గీసిన గీత నేరగాళ్లకూ దారి చూపించిందన్నమాట.

నేరం జరిగిన చోట రెండు తూటాల తీరూ వేరు. పిస్టల్ పేలిన ప్రతిసారీ ఖాళీ డొప్పను బయటికి విసిరేస్తుంది. దాని మీద పిన్ను పోటు, పట్టి లాగిన కొక్కెం గీత, తన్ని బయటికి తోసిన మేకు గుర్తు, అన్నీ ఉంటాయి. రివాల్వర్ డొప్పల్ని తనలోనే దాచుకుంటుంది. అప్పుడు ఫోరెన్సిక్ లేబొరేటరీవాళ్లకు ఒంట్లోంచి తీసిన సీసం ముద్దే దిక్కు. లావు రెంటికీ ఒకటే కనుక తొడుగు ఉందా లేదా, బరువెంత, గొట్టంలోని మెలికలు దాని మీద గీసిన గాడులు ఎన్ని, ఎటు తిరిగాయి అని మైక్రోస్కోపు కింద చూస్తారు. కోల్ట్‌వాళ్ల మెలిక ఎడమకు, స్మిత్ అండ్ వెసన్ వాళ్లది కుడికి. నూరేళ్ల నాటి ఆ కంపెనీల పంతం ఇలా కూడా సాక్ష్యమిస్తుంది.

ఇంతకీ ఏది కొనాలి అంటారా? ఇంట్లో ఉంచుకుని, ఏడాదికోసారి తుడిచి, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి తెచ్చుకునే లైసెన్సుదారుడికి రివాల్వరే మేలు. నెలనెలా రేంజికి వెళ్లి వంద సార్లు మ్యాగజైన్ మార్చి చేయి తిప్పుకునే ఓపిక ఉన్నవాళ్లకు పిస్టల్. రెంటిలో ఏది తీసుకున్నా పూర్తి పొడవు మామూలు బుల్లెట్లే వాడండి, డబ్బా మీద తయారైన ఏడాది చూసి కొనండి, తూటా అడుగున ‘కె.ఎఫ్.’ అని ఉంటే అది పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం సరుకని గుర్తుంచుకోండి. శక్తిలో ఉన్న ఆ 27 జౌల్స్ తేడా చూసి మాత్రం ఎవరూ రివాల్వర్ అమ్మి పిస్టల్ కొనక్కర్లేదు.